అతుకు గట్టిదే, చెక్కను కదలనివ్వండి

మా షెడ్డుకు భోజనాల బల్ల చేయించుకోవడానికి వచ్చేవారు ముందుగా కాళ్ల తీరు అడగరు, ధర అడగరు. బల్ల పైభాగాన్ని అరచేత్తో తడిమి, "ఏకచెక్కేనా? అతుకులేమీ లేవు కదా?" అంటారు. ఉన్నాయి. మూడడుగుల వెడల్పు బల్లకు ఏడెనిమిది చెక్కలు పక్కపక్కన అతికించి ఉంటాయి. ఆ సంగతి నేనే ముందు చెబుతాను, అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను. రాజమండ్రిలో నాన్న మొదలుపెట్టిన ఈ పనిశాలలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. దాన్ని దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

అతుకు మీద జనానికి ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు అతుకులు నిజంగానే విడిపోయేవి. నాన్న పని నేర్చుకున్న రోజుల్లో వాడింది జంతువుల తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి తీసిన బంక. ఎండిన బిళ్లలను రాత్రి నీళ్లలో నానబెట్టి, తెల్లవారాక వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించేవారట. వేడి మీద ఉండగానే పూయాలి, చల్లారితే గడ్డకడుతుంది. ఆ బంకను నేను తక్కువ చేయను. దానితో అతికించిన వయొలిన్లు, బీరువాలు వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి. కాని దానికి తడి గిట్టదు. గోదావరి ఒడ్డున వానాకాలమంతా గాలిలో ఉండే చెమ్మకు, బల్ల మీద రోజూ ఒలికే నీళ్లకు అది మెత్తబడి అతుకు నోరు తెరిచేది. అలా విడిపోయిన పెట్టెలను, బల్లలను కళ్లారా చూసిన పెద్దలు ఏకచెక్కే కావాలని పట్టుబట్టారంటే అందులో తప్పేమీ లేదు. అప్పటి బంకకు అది సరైన జాగ్రత్త.

1959లో ఫెవికాల్ వచ్చాక మన దగ్గర వడ్రంగం తీరే మారిపోయింది. ఇప్పుడు వడ్రంగుల నోట ఏ కంపెనీ తెల్లబంకైనా ఫెవికాలే. దాన్ని కాచక్కరలేదు, నానబెట్టక్కరలేదు. అందులోని నీరు చెక్కలోకి, గాలిలోకి పోయాక మిగిలిన పదార్థం పోగులను పట్టుకుని గట్టిపడుతుంది. చెక్క పోగు పొడవునా, అంచుకు అంచు చేర్చి సరిగ్గా అతికిస్తే ఆ గీత పక్కనున్న చెక్కకంటే బలంగా ఉంటుంది. ఇది మాటలతో చెబితే ఎవరూ నమ్మరు. అందుకే ప్రతి బల్ల చివర కోసేసిన తునకలు కొన్ని ఒక డబ్బాలో దాచి ఉంచుతాను.

ఆ మధ్య ఒక రిటైర్డు లెక్కల మాస్టారు వచ్చారు. అంతా విని, "చెప్పడానికి బాగానే ఉంది గాని, ఇది ఎన్నాళ్లుంటుంది బాబూ?" అన్నారు.

"మీరే విరిచి చూడండి మాస్టారూ" అని మధ్యలో అతుకున్న టేకు తునకను ఆయన చేతికిచ్చాను.

ఆయన దాన్ని బల్ల అంచున అతుకు సరిగ్గా మొన మీదకు వచ్చేలా పెట్టి, బయటికున్న భాగం మీద సుత్తితో ఒక్కటిచ్చారు. తునక విరిగింది. కళ్లజోడు పైకి జరిపి రెండు ముక్కలనూ వెలుతురుకు పట్టి చూశారు. అతుకు గీత ఒక ముక్కలో చెక్కుచెదరకుండా ఉంది. దానికి అర అంగుళం పక్కగా చెక్క చీలింది, పోగులు పీచుపీచుగా లేచాయి. "అతుకును వదిలేసి చెక్క విరిగిందేమిటి!" అన్నారు. ఆ ముక్కలు జేబులో వేసుకుని వెళ్లారు, ఇంట్లో చూపించడానికి.

ఒక్క షరతు మాత్రం ఉంది. ఈ బలమంతా పోగు పొడవునా అతికినప్పుడే. చెక్క కొసకు కొస పెట్టి అతికిస్తే నిలవదు. కొసల్లో పోగుల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, బంకను తాగేస్తాయి. పొడవు చాలకపోతే వెడల్పు అతికించినట్లే పొడవూ అతికించవచ్చని అనుకునేవారికి ఇది ముందే చెప్పాలి.

ఏకచెక్క మీద మనకున్న గౌరవం నాకూ ఉంది. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు, దాన్ని చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. అక్కడ చూసుకోవలసింది వీణ పలికే నాదాన్ని. భోజనాల బల్లది వేరే లెక్క. మూడడుగుల వెడల్పు ఒకే పలక రావాలంటే మాను అంతకంటే లావుగా ఉండాలి. అలాంటి టేకు ఇవాళ అడితిలో దొరకడమే అపురూపం. తోటల్లో పెంచి త్వరగా కొట్టేసిన టేకులో చేవ భాగం తక్కువ, చుట్టూ తెల్లచెక్క ఎక్కువ. ఆ తెల్లచెక్క తీసేస్తే చేతికి వచ్చేది నాలుగైదు అంగుళాల వెడల్పు. ఒకవేళ వెడల్పాటి పలక దొరికినా, అది మాను నడిమధ్య నుంచి తీసినదైతే అక్కడి మెత్తని మూలుగ దగ్గర పగులుతుంది, పక్క నుంచి తీసినదైతే దోనెలా వంగుతుంది. అందుకే వెడల్పు పలక దొరికినా నేను దాన్ని నిలువునా కోసి, మళ్లీ అతికించమనే చెబుతాను. ఆ మాటకు చాలామంది ముఖం చిట్లిస్తారు.

అలా వంగడానికి కారణం ఉంది. చెక్క అన్ని వైపులా ఒకేలా ఎండదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం కుంచించుకుంటుంది. మాను నడుమ నుంచి బెరడు వైపుగా చూస్తే సుమారు 2.5 శాతమే. పొడవులో అసలు లెక్కలోకి రానంత తక్కువ. ఒకే పలకలో ఒక దిక్కు ఇంకో దిక్కుకు రెట్టింపు ముడుచుకుంటే అది వంగక ఏం చేస్తుంది? పైగా ఈ కదలిక ఒకసారి ఎండగానే ఆగిపోదు. వానాకాలంలో గాలి చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్లీ ముడుచుకుంటుంది. శ్రావణంలో తలుపు బిగుసుకుపోయి, వేసవిలో దానంతట అదే వదులు కావడం మనందరి ఇళ్లలోనూ చూస్తున్నదే.

బల్ల విషయంలో దీన్ని అంకెల్లోకి మార్చి చూడండి. చెక్కలో తేమ 5 శాతం, అంటే 15 నుంచి 10కి, మారిందనుకుందాం. 900 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు బల్ల, కోత తీరును బట్టి, 4 నుంచి 9 మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చు లేదా తగ్గవచ్చు. టేకు నెమ్మదస్తురాలు కాబట్టి ఇంతే. మన దగ్గర తయారయ్యే బల్లలు చాలావరకు హైదరాబాదు వెళతాయి. ఇక్కడి చెమ్మ గాలిలో పుట్టిన బల్ల అక్కడి పొడిగాలిలోకి, అందులోనూ ఏసీ నడిచే ఫ్లాటులోకి వెళుతుంది. ఇంత దూరపు మార్పు దానికి వానాకాలం, ఎండాకాలం తేడాకంటే పెద్దది. చెక్కలో ఎంత తేమ ఉండవచ్చో చెప్పే ఐఎస్ 287 అనే భారతీయ ప్రమాణం గాలిలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడగొట్టింది ఇందుకే. బల్ల ఎక్కడ తయారైందన్నది కాదు, ఎక్కడ బతకబోతోందన్నది చూసి చెక్కను ఎండబెట్టాలి.

కాబట్టి పని అడితి దగ్గరే మొదలవుతుంది. రెండు సూదుల తేమ మీటరు ఇప్పుడు పెద్ద ఖరీదేమీ కాదు. చెక్క పైపైన గుచ్చి చూస్తే సరిపోదు. ఒక కొస కోసి, కొత్తగా బయటపడిన లోపలి భాగంలో గుచ్చాలి. కొన్న చెక్కలను షెడ్డులో నేలకు ఎత్తుగా, వరసకూ వరసకూ మధ్య సమానమైన బద్దలు పెట్టి పేరుస్తాను. హైదరాబాదు బల్లకైతే 10 శాతం దగ్గరకు దిగేదాకా ముట్టుకోను. అన్నిటికంటే ముఖ్యం, ఒకే బల్లకు వేసే చెక్కలన్నిటిలో తేమ దాదాపు ఒకటిగా ఉండటం. 9 శాతం చెక్క పక్కన 14 శాతం చెక్క అతికిస్తే ఆ రెండోది తరవాత ముడుచుకుని ఆ అతుకును లాగుతూనే ఉంటుంది.

తరవాత చెక్కలను నేల మీద పరిచి, వరస మారుస్తూ చూసుకోవడం. దీనికి నేను ఎంత సమయమైనా ఇస్తాను. చెక్క కొసన కనిపించే వార్షిక వలయాల వంపు ఒక చెక్కలో పైకి, పక్క చెక్కలో కిందికి ఉండేలా మార్చి మార్చి వేయాలని మా వాళ్లందరూ గట్టిగా చెబుతారు. అలా వేస్తే బల్ల మొత్తంగా వంగదు, నిజమే. బదులుగా ప్రతి చెక్కా కొద్దికొద్దిగా వంగి పైభాగం అలలుగా తయారవుతుంది. అన్నీ ఒకే వైపు వేస్తే మొత్తం ఒకే పెద్ద వంపు వస్తుంది, దాన్ని కింది చట్రం సులువుగా పట్టి ఉంచగలదు. నా మటుకు నేను ముందు చెక్క అందం చూస్తాను: రంగు రంగుతో కలవాలి, అంచుల దగ్గర నిటారు గీతలు నిటారు గీతల పక్కన పడాలి. ఆ తరవాత చిత్రిక పట్టేటప్పుడు పోగు అన్నిటిలో ఒకే దిక్కుకు నడుస్తోందా అని చూస్తాను. లేకపోతే ఒక చెక్క నున్నగా వస్తుంటే పక్కది లేచిపోతుంది. వలయాలు మూడో సంగతి. ఎండిన చెక్క, నాలుగంగుళాల వెడల్పు, కింద మంచి చట్రం ఉంటే వలయాల గొడవ పెద్దది కాదు. వరస కుదిరాక చెక్కలన్నిటి మీదుగా సుద్దతో పెద్ద త్రికోణం గీస్తాను. ఏ చెక్క తిరగబడినా ఆ గీత కలవదు.

ఇక అంచు. అతుకు బలమంతా అంచులోనే ఉంది. పక్కపక్కన రావలసిన రెండు చెక్కలను పుస్తకం మూసినట్లు ఒకదాని ముఖం మీద ఇంకొకటి మడిచి, రెండింటినీ కలిపి బిగించి, రెండు అంచులనూ ఒకేసారి బారు చిత్రికతో పడతాను. ఈ పద్ధతిలో ఎంత తెలివి దాగి ఉందో చూడండి. నా చెయ్యి ఒక పక్కకు ఒక డిగ్రీ వాలిందనుకోండి, ఒక అంచు అటు ఒక డిగ్రీ, రెండోది ఇటు ఒక డిగ్రీ వాలుతుంది. తెరిచి పక్కన పెట్టగానే ఆ రెండు వాలులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పలక సమంగా వస్తుంది. మూలమట్టంతో కుస్తీ పట్టనక్కరలేదు. చిత్రిక నోట్లోంచి పొట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా, రెండు చెక్కల మందమంత వెడల్పుతో వస్తుంటే ఇక ఆపవచ్చని అర్థం.

ఆపాక పరీక్ష. ఒక చెక్కను అంచు పైకి ఉండేలా నిలబెట్టి, రెండోదాన్ని దాని మీద నిలబెట్టి, వెనక దీపం పెట్టి చూస్తాను. చివర్ల దగ్గర సందులోంచి వెలుతురు రాకూడదు. తరవాత పై చెక్కను ఒక కొస పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పి చూస్తాను. నడుమ ఇరుసు ఉన్నట్లు తేలిగ్గా గిర్రున తిరిగితే మధ్యలో ఎత్తు ఉందన్నమాట, మళ్లీ పట్టాలి. చివర్లలో రాసుకుంటూ బరువుగా తిరిగితే సరిగ్గా వచ్చినట్లు. నిజానికి ఐదడుగుల అంచుకు మధ్యలో పలచని కాగితం దూరేంత లోతు కావాలనే ఉంచుతాను. చెక్కలను నొక్కి పట్టే ఇనుప క్లాంపు బిగిస్తే ఆ సందు మూసుకుని చివర్లు గట్టిగా నొక్కుకుంటాయి. ఏ చెక్కయినా కొసల నుంచే త్వరగా ఎండి ముడుచుకుంటుంది, అతుకు విడిపోవడం మొదలైతే అక్కడే మొదలవుతుంది. అందుకు ఇది ముందుజాగ్రత్త. కాగితమంత అంటే కాగితమంతే. అంతకంటే ఎక్కువ సందు ఉంచి, క్లాంపు దగ్గరకు లాగేస్తుందిలే అనుకుంటే ఆ చెక్క జీవితాంతం వెనక్కి లాగుతూనే ఉంటుంది.

టేకులో నూనె ఉంటుంది. చిత్రిక పట్టిన అంచును రెండు మూడు రోజులు వదిలేస్తే ఆ నూనె పైకి తేలి బంకను పట్టనివ్వదు. పట్టిన రోజే అతికించాలి. ఏ కారణం చేతనైనా ఆలస్యమైతే మళ్లీ ఒక పొట్టు తీసెయ్యాలి, లేదా థిన్నరు గుడ్డతో తుడిచి అది ఆరగానే బంక పూయాలి.

బంక పూయకముందు ఒకసారి అన్నీ ఉత్తినే బిగించి చూసుకుంటాను. క్లాంపులు ఎక్కడెక్కడ రావాలో, ఎవరు ఏది పట్టుకోవాలో అప్పుడే తేలిపోవాలి. బంక పూశాక వెతుక్కుంటే మే నెలలో మన ఊళ్లో అది ఐదు నిమిషాలు కూడా ఆగదు. అందుకే వేసవిలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకుంటాం. ఎనిమిది చెక్కలనూ ఒకేసారి కాకుండా నాలుగు, నాలుగుగా అతికించి, ఆ రెండు సగాలను తరవాత కలుపుతాం. రెండు అంచులకూ పలచగా, ఎక్కడా పొడి మచ్చ మిగలకుండా పూసి, చెక్కలను చేర్చి కాస్త ముందుకూ వెనక్కూ రుద్ది, క్లాంపులు నడుమ నుంచి చివర్లకు బిగిస్తూ వెళ్లాలి. ఒకటి పలక పైన, ఒకటి కింద. అన్నీ ఒకే వైపు ఉంటే పలక విల్లులా వంగుతుంది. టేకు లాంటి గట్టి చెక్కకు చదరపు అంగుళానికి 150 పౌండ్లకు పైగా ఒత్తిడి కావాలి. ఐదడుగుల పొడవు, అంగుళం మందం ఉన్న అంచు అంటే 60 చదరపు అంగుళాలు, మొత్తం 9,000 పౌండ్లు. ఇది తెలిస్తే రెండు క్లాంపులతో ఐదడుగుల బల్ల బిగించే ధైర్యం ఎవరికీ రాదు. అతుకు పొడవునా సన్నని చుక్కలు వరసగా బయటికి రావాలి. ఎక్కడైనా రాలేదంటే అక్కడ బంక చాలలేదు. ఇనుము తడి బంకకు తగిలితే టేకు మీద నల్లమచ్చ పడుతుంది, కాబట్టి క్లాంపు కింద ప్లాస్టిక్ కాగితం పెట్టండి.

ఇంట్లో చేసుకునేవారు అన్ని క్లాంపులు ఎక్కడ తెస్తాం అని అడుగుతారు. నాన్న దగ్గర అవి ఉండేవే కావు. రెండు గట్టి దూలాల మీద చెక్కలు పేర్చి, రెండు పక్కలా ఆపు చెక్కలు కొట్టి, ఒక పక్క సందులో వాలుగా కోసిన ముక్కలను ఎదురెదురుగా దూర్చి సుత్తితో కొట్టి బిగించేవారు. దూలాలు చాలినన్ని వేసుకుంటే ఇవాళ కూడా ఆ పద్ధతికి వంక పెట్టలేం. చెక్కలు పైకి లేవకుండా అడ్డంగా ఒక బరువైన బద్ద కట్టుకుంటే చాలు.

వెదురు మేకులు, డోవెల్సు అనే గుండ్రని చెక్క మేకులు, ఒక అంచున గాడి, రెండో అంచున అందులో దూరే నాలుక ఇవన్నీ ఎందుకు వేయలేదని కొందరు అడుగుతారు. వేస్తే మంచిదే, చెక్కలు ఎగుడుదిగుడు కాకుండా ఒక మట్టానికి వస్తాయి. బలం మాత్రం వాటి వల్ల పెరగదు. మేకు తోలిన అంచు వంకరగా ఉంటే ఆ అతుకు విడిపోతుంది, మేకు లేకపోయినా నిటారైన అంచు నిలుస్తుంది.

బిగించిన పలకను వేసవిలో రెండు మూడు గంటలు, వానాకాలంలో రాత్రంతా వదిలేస్తాను. విప్పాక వెంటనే చిత్రిక పట్టను. బంకలోని నీరు తాగి అతుకు పక్కన చెక్క కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మీదే నున్నగా చేసేస్తే, తరవాత అది ఎండి అతుకు పొడవునా సన్నని లోయ పడుతుంది. పాలిష్ మీద ఏటవాలు వెలుతురు పడినప్పుడే అది కనిపిస్తుంది, అప్పుడు చేసేదేమీ ఉండదు. రెండు మూడు రోజులు ఆగడం కొనేవారికి నచ్చదు. నేను ఆగుతాను.

ఇంత కష్టపడి చేసిన పలకను చాలాచోట్ల చివరి పది నిమిషాల్లో పాడుచేస్తారు. కింద అడ్డంగా రెండు గట్టి బద్దలు వేసి, బంక పూసి, స్క్రూలు బిర్రుగా బిగించేస్తారు. బద్ద పొడవు మారదు, పలక వెడల్పు మారుతుంది. ఆ 9 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? దారి లేక పలక నడుమ చీలుతుంది. చూసినవారు "చూశావా, అతుకులు వేస్తే ఇంతే" అంటారు. పగులు చెక్కలో ఉన్నా తిట్లు అతుకుకే. మన పాత మండువా ఇళ్ల తలుపులు చూడండి. చట్రంలో గాడి తీసి, పలకను అందులో వదులుగా కూర్చోబెట్టేవారు, బంక పూసేవారు కాదు. ఉబ్బినా ముడుచుకున్నా పలక ఆ గాడిలోనే ఆడుకుంటుంది. ఆ తలుపులు చేసినవారికి శాతాలు తెలియవు, చెక్క కదులుతుందని తెలుసు. బల్లకూ అదే సూత్రం. కింది బద్దకు నడుమ ఒక్క స్క్రూను గుండ్రని రంధ్రంలో బిగించాలి. చివర్లలో స్క్రూలకు వెడల్పు దిశగా పొడవాటి రంధ్రాలు తీయాలి. చట్రానికైతే గాడిలో జారే చెక్క బిళ్లలో, జెడ్ ఆకారపు క్లిప్పులో వేయాలి. పాలిష్ కింది వైపు కూడా పైన వేసినన్ని పూతలు వేయాలి. కింద పచ్చిగా వదిలేస్తే ఆ వైపు చెమ్మ త్వరగా తాగి పలక వంగుతుంది.

ఇప్పుడు దుకాణాల్లో రబ్బరు చెక్క ముక్కలు అతికించిన పలకలు తయారుగా దొరుకుతున్నాయి. పాలు తీయడం అయిపోయిన రబ్బరు చెట్లను పొయ్యిలోకి పంపకుండా ఇలా వాడటం నాకు నచ్చిన పని. అలమరలకు, పిల్లల చదువుబల్లలకు నిశ్చింతగా వాడవచ్చు, తడి తగిలే చోట వద్దు. ఏ దుకాణంలో ఏ బల్ల కొన్నా సరే, అమ్మేవారిని అతుకుల సంగతి అడగకండి. మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద చూడండి. స్క్రూ రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, పొడవుగా ఉన్నాయా? కింద పాలిష్ ఉందా? పలక కొస దగ్గర వలయాలు కనిపిస్తున్నాయా, లేక పైన టేకు కాగితం అంటించి రంగు కొట్టారా? కింద వెతకడానికి మొహమాటపడకండి. మా షెడ్డుకు వచ్చినవారికి బల్లను నేనే తిరగేసి చూపిస్తాను.